నెలకు ఒక డాలర్ అద్దె: బోవరీ మూలమీది తోట ఎలా నిలిచింది

సామూహిక తోట పెట్టాలని ఉత్సాహంగా వచ్చే బృందాలు ముందుగా అడిగేది మట్టి గురించి, విత్తనాల గురించి. నేను ముందుగా అడిగేది స్థలం కాగితం గురించి. నేల ఎవరి పేరున ఉంది? మీకు ఎన్నాళ్ళకు ఇచ్చారు? సంతకం పెట్టిన అధికారి ఎవరు? రేపు ఆ కుర్చీలోకి ఇంకొకరొస్తే ఆ సంతకం చెల్లుతుందా? ఇలా అడిగేసరికి కొందరి మొహాలు చిన్నబోతాయి. వాళ్ళకు నేను ఎప్పుడూ చెప్పే కేసు న్యూయార్క్‌లోని లిజ్ క్రిస్టీ తోట. మొదలై యాభై ఏళ్ళు దాటింది. మన్‌హాటన్‌లో అడుగు నేల కోసం కొట్టుకునే చోట అది ఇంకా ఉంది. అందంలో దానికి ఏమాత్రం తీసిపోని తోటలు ఆ చుట్టుపక్కలే బుల్డోజర్ కింద పోయాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందన్నదే ఈ కేసు.

మన దగ్గర మిద్దెతోటలు బాగా పెరిగాయి కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. మిద్దెతోటలో మేడ మనది, కుండీ మనది, కాయా మనదే. సామూహిక తోటలో చాకిరీ మనది, నేల మాత్రం పరాయిది. మిగతా చిక్కులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

పాత ఫ్రిజ్ ఉన్న ఖాళీ స్థలం

బోవరీ, ఈస్ట్ హౌస్టన్ వీధులు కలిసే మూల. 1973వ సంవత్సరం. ఆ మూల ఉన్న పేట, మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్, అప్పుడు ఇప్పటిలా కాదు. అద్దెలు గిట్టక, పన్నులు కట్టలేక యజమానులు భవనాలను అలాగే వదిలేసి పోయేవారు. బీమా డబ్బు కోసం తగలబెట్టించినవాళ్ళూ ఉన్నారు. పన్ను బకాయి పడ్డ ఆస్తులు నగరం చేతికి వచ్చేవి. పాడుబడ్డ భవనాన్ని కూల్చేశాక ఇటుక పెళ్ళలు, గాజు పెంకులు మిగిలేవి. వాటి మీద ఊరి చెత్తంతా చేరేది. 1975కల్లా నగరమే దివాలా అంచుకు వచ్చింది. అలాంటి ప్రభుత్వం ఖాళీ స్థలాల్లో చెత్త ఎత్తిస్తుందని ఎవరూ ఆశపడలేదు.

లిజ్ క్రిస్టీ చిత్రకారిణి. ఆ చుట్టుపక్కలే ఉండేవారు. తోట తొలి సభ్యుల్లో ఒకరైన డొనాల్డ్ లాగిన్స్ చెబుతూ వచ్చిన కథ ఒకటుంది. ఆ స్థలంలో పారేసిన ఫ్రిజ్‌లో ఒక పిల్లవాడు ఆడుకుంటుంటే లిజ్ చూశారు. తలుపు మూసుకుంటే ఊపిరాడక చచ్చిపోతాడని ఆ తల్లికి చెప్పి, ఈ చోటు శుభ్రం చేసుకోవచ్చు కదా అన్నారు. పిల్లలతోనే నాకు తీరడం లేదు, ఆ పనేదో నువ్వే చెయ్యి అన్నదట ఆవిడ. నాకు ఈ కథలో ఆ తల్లి మాటే బాగా నచ్చుతుంది. పేదలుండే వీధిలోకి పోయి మీరు ఇది చెయ్యాలి, అది చెయ్యాలి అని చెప్పేవాళ్ళకు ఇంతకన్నా సరైన జవాబు లేదు. లిజ్ ఆ జవాబును తీసుకుని పనిలోకి దిగారు.

అప్పటికే ఆమె, స్నేహితులు కలిసి గ్రీన్ గెరిల్లాస్ అనే పేరుతో ఒక గుంపుగా తిరుగుతున్నారు. కంచె వేసి తాళం పెట్టిన ఖాళీ స్థలాల్లోకి విత్తనాల బాంబులు విసిరేవారు. బెలూన్లలోనో, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు బుడ్డల్లోనో విత్తనాలు, ఎరువు, పీట్ మట్టి కూరి కంచె మీదుగా లోపలికి వేసేవారు. రోడ్డు మధ్య డివైడర్ల మీద పొద్దుతిరుగుడు గింజలు నాటారు. పాడుబడ్డ ఇళ్ళ కిటికీ గట్ల మీద పూలపెట్టెలు పెట్టారు. పని చేసేవాడిగా ఒక మాట చెప్పాలి. విసిరిన విత్తనం మీద నీళ్ళు పోసేవాళ్ళు లేకపోతే మొలిచేది తక్కువ, బతికేది ఇంకా తక్కువ. అయినా దారిన పోయేవాళ్ళ కళ్ళు ఆ స్థలం వైపు తిరుగుతాయి. గుంపుకు కావలసిందీ అదే.

అద్దె ఎందుకు కట్టారు

బోవరీ మూలకు వచ్చేసరికి పద్ధతి మార్చారు. చాటుగా నాటి ఊరుకోలేదు. నగరాన్ని అడిగారు. 1974 ఏప్రిల్ 23న నగర గృహ శాఖ ఆ స్థలాన్ని ‘బోవరీ హౌస్టన్ కమ్యూనిటీ ఫార్మ్ అండ్ గార్డెన్’ పేరుతో అద్దెకిచ్చింది. నెలకు ఒక డాలర్.

ఈ డాలర్ దగ్గర నేను కాస్త ఆగుతాను. ఎందుకంటే కొత్త బృందాలు దీన్ని చిన్న విషయం అనుకుంటాయి. అద్దె కట్టిన రోజునుంచి వాళ్ళు ఆక్రమించినవాళ్ళు కారు, అద్దెదారులు. ఆఫీసులో వాళ్ళ పేరున ఒక ఫైలు పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ఏ అధికారి అయినా ఆ స్థలాన్ని తాకాలంటే ముందు ఆ ఫైలు తెరవాలి, అందులో పేర్లు చూడాలి, వాళ్ళకు కబురు పెట్టాలి. లీజు గట్టిదేమీ కాదు, నగరం తలుచుకుంటే ఖాళీ చేయించవచ్చు. కానీ రాత్రికి రాత్రి చేయలేదు. తోటకు దొరికే రక్షణ చాలాసార్లు అంతే, కొంత వ్యవధి. ఆ వ్యవధిలో జనాన్ని కూడగట్టుకోవాలి.

చెత్త ఎత్తారు, కంచె వేశారు, దానంగా వచ్చిన మట్టి పరిచారు. ఎత్తు మడులు 60 కట్టి కూరగాయలు వేశారు. చెట్లు, పూల బారులు తర్వాత వచ్చాయి. ఎత్తు మడి అక్కడ అందం కోసం కాదు. కూల్చిన ఇంటి పునాదుల మీద గునపం దిగదు. దిగినా కిందున్నది మంచి మట్టి కాదు. అమెరికాలో ఇళ్ళకు వేసే పెయింట్లలో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టి కూలిన ఇళ్ళ గోడల పెచ్చులతోపాటు సీసం నేలలో కలిసింది, సీసం కలిపిన పెట్రోలు పొగ దానికి తోడైంది. అందుకే ఈరోజుకీ నగరంలో ఏ స్థలం తీసుకున్నా మట్టి పరీక్ష లేకుండా తినే పంట వెయ్యనివ్వను. సీసం టమాటా, వంకాయ లాంటి కాయల్లోకి ఎక్కేది తక్కువ. దుంపలకు, ఆకుకూరలకు అంటుకున్న మట్టితోనే ఎక్కువ ముప్పు. దానికన్నా పెద్ద ముప్పు మట్టిలో ఆడి ఆ చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు. కింద గుడ్డ పరిచి, పైన బయటినుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి, కంపోస్ట్ కలిపి అడుగు ఎత్తు పోసి, నడిచే దారుల్లో చెక్కపొట్టు పరిస్తే చాలావరకు గట్టెక్కుతాం.

ఈ తోటలో అన్నిటికన్నా తెలివైన పని మడుల్లో జరగలేదు. ఎండా, చలీ, పొగా కలిసిన ఆ మూలలో ఏ మొక్క బతుకుతుంది, ఏది బతకదు అని ప్రయోగాల మడులు పెట్టి చూశారు. తెలిసింది ఇతరులకు నేర్పడానికి వర్క్‌షాపులు పెట్టారు. బాగా పెరిగిన మొక్కల కొమ్మలు కత్తిరించి కొత్త తోటలకు పంచారు. తోట పెట్టిన కొద్దికాలానికే అది తోటలకు నారుమడి అయింది. 1975లో లిజ్ న్యూయార్క్ పర్యావరణ మండలిలో ఓపెన్ స్పేస్ గ్రీనింగ్ కార్యక్రమానికి తొలి డైరెక్టరయ్యారు. డబ్ల్యూబీఏఐ రేడియోలో ‘గ్రో యువర్ ఓన్’ అనే కార్యక్రమం నడిపారు. 1978లో నగరమే గ్రీన్‌థంబ్ అనే పథకం పెట్టి, కేంద్ర నిధులతో ఖాళీ స్థలాలను నామమాత్రపు అద్దెకు తోటలకిచ్చింది.

1985లో లిజ్ క్యాన్సర్‌తో పోయారు. వయసు 39. మరుసటి ఏడాది తోటకు ఆమె పేరు పెట్టారు. ఒక మనిషి చుట్టూ అల్లుకున్న తోటలు ఆ మనిషితోపాటే వాడిపోవడం మా పనిలో కొత్త కాదు. ఇది వాడిపోలేదు. ఎందుకంటే అప్పటికి తాళంచెవులు చాలామంది దగ్గరున్నాయి, నేర్పగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు, నగరంలో ఆ పని చూసే ఆఫీసు ఒకటుంది.

ఊదారంగు మనిషి తోట

తేడా తెలియాలంటే అక్కడికి కాస్త దక్షిణాన ఎల్డ్రిడ్జ్ వీధికి పోవాలి. ఆడం పర్పుల్ అని పేరు పెట్టుకున్న మనిషి, నిలువెల్లా ఊదారంగు బట్టలు వేసుకునేవాడు, 1970ల మధ్యలో అక్కడ ఒంటిచేత్తో ఒక తోట మొదలుపెట్టాడు. సైకిల్ మీద సెంట్రల్ పార్కు దాకా పోయి గుర్రపు లద్దె ఎత్తుకొచ్చి మట్టి తయారుచేశాడు. మధ్యలో యిన్-యాంగ్ గుర్తు, దాని చుట్టూ వలయాలుగా మొక్కలు. ఒక్కో పక్క ఇల్లు కూలినకొద్దీ ఒక్కో వలయం పెంచుతూ 15,000 చదరపు అడుగుల దాకా తెచ్చాడు. ‘గార్డెన్ ఆఫ్ ఈడెన్’ అన్నాడు. పైనుంచి తీసిన ఫోటోల్లో చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అతను ప్రభుత్వాన్ని గుర్తించనన్నాడు. లీజు అడగలేదు. నగరం అక్కడ పేదలకు ఇళ్ళు కట్టాలనుకున్నప్పుడు, తోటను ఉంచుతూనే ఇళ్ళు ఎలా కట్టవచ్చో కొందరు ఆర్కిటెక్టులు ప్లాన్లు గీసి చూపించారు. నగరం ఒప్పుకోలేదు. 1986 జనవరిలో బుల్డోజర్లు వచ్చాయి, కొద్దిసేపట్లో అంతా నేలమట్టమైంది. అంటే లిజ్ పేరు ఒక తోటకు పెట్టిన ఏడాదే ఇది పోయింది.

పర్పుల్‌ను తప్పుపట్టడం నాకిష్టం లేదు. అంత తోట చేయగల మనిషి కాగితాల మనిషి కాకపోవచ్చు. కానీ అతని పక్కన నిలబడి ఆ కాగితాలు చూసుకునే ఇంకొకరు ఉండాల్సింది. తోటకు ప్రతిభ ఒకరిది చాలు, పెత్తనం ఒకరిదే అయితే చాలదు.

న్యూయార్క్‌లోనే ఇంకో భాగమైన బ్రూక్లిన్‌లో హాటీ కార్థన్ అనే పెద్దావిడ దీనికి సరిగ్గా అటువైపు నడిచింది. బెడ్‌ఫర్డ్-స్టయివెసంట్‌లో నల్లజాతి కుటుంబాలుండే వీధుల్లో చెట్లు నాటించడానికి ఇల్లిల్లూ తిరిగి సంఘం కట్టింది. నార్త్ కరోలినా నుంచి 1885లో మొక్కగా వచ్చిన మాగ్నోలియా చెట్టును కూల్చేస్తారని తెలిసి పోరాడి, 1970లో దానికి నగర చారిత్రక గుర్తింపు తెప్పించింది. అప్పటికి ఆమెకు దాదాపు 70 ఏళ్ళు. చెట్టు కోసం చట్టంలో ఏ అక్షరం పనికొస్తుందో వెతికి పట్టుకున్న మనిషి.

ఇళ్ళా, తోటలా

లోయర్ ఈస్ట్ సైడ్‌లో తోటలు వచ్చాక వీధులు బాగుపడ్డాయి, వీధులు బాగుపడ్డాక నేల ధర పెరిగింది, ధర పెరిగాక నగరానికి ఆ స్థలాలు గుర్తొచ్చాయి. 1998లో మేయర్ రూడీ జూలియానీ ప్రభుత్వం తోటల స్థలాలను గృహ శాఖకు మార్చి అమ్మకానికి దారి వేసింది. ఆ వేసవిలో ఒక వేలంలో ఉద్యమకారులు హాల్లోకి 10,000 కీచురాళ్ళను వదిలారు. వచ్చినవాళ్ళు కుర్చీలెక్కారు. 1999 మేలో 114 తోటలు వేలానికి వచ్చాయి. వేలానికి ముందు రోజు, ఖాళీ నేలలను కాపాడే ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే స్వచ్ఛంద సంస్థ, నటి బెట్ మిడ్లర్ పెట్టిన న్యూయార్క్ రెస్టరేషన్ ప్రాజెక్ట్ కలిసి 42 లక్షల డాలర్లకు మొత్తం కొనేశాయి.

వార్తల్లో బెట్ మిడ్లర్ పేరే మిగిలింది. నాకు ఆ తర్వాత ట్రస్ట్ చేసిన పనే ముఖ్యం. కొన్న తోటలను తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా నగరంలోని మన్‌హాటన్, బ్రాంక్స్, బ్రూక్లిన్-క్వీన్స్ భాగాలకు మూడు ల్యాండ్ ట్రస్టులు, అంటే తోటల నేలను తమ పేరున ఉంచుకునే సంస్థలు, కట్టించి, తోటపనివాళ్ళనే బోర్డుల్లో కూర్చోబెట్టి, నేల వాళ్ళ చేతికే ఇచ్చింది. నేల పరాయిది కాకుండా పోయింది.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఈస్ట్ 7వ వీధిలోని ఎస్పెరాంజా తోటను ప్యూర్టోరికన్ కుటుంబాలు 1970ల చివరినుంచి పెంచుకున్నాయి. నగరం ఆ స్థలాన్ని బిల్డర్‌కు ఇచ్చాక, వాళ్ళు గేటు పైన పెద్ద కోకీ కప్ప బొమ్మ కట్టి రాత్రుళ్ళు అందులో కాపలా పడుకున్నారు. ప్యూర్టోరికోలో అందరికీ ముద్దైన చిన్న కప్ప అది. 2000 ఫిబ్రవరి 15న పోలీసులు వచ్చి మనుషులను లాగి అరెస్టు చేశారు, తోటను చదును చేశారు. రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ అదే రోజు కోర్టుకు పోయి, ఇంకే తోటనూ కూల్చకుండా స్టే తెచ్చారు. పర్యావరణ సమీక్ష లేకుండా ఈ స్థలాలను అమ్మే వీల్లేదన్నది ఆయన వాదన. స్టే వచ్చేసరికి ఎస్పెరాంజాలో మిగిలిందేమీ లేదు. 2002లో మేయర్ బ్లూమ్‌బర్గ్ వచ్చాక రాజీ కుదిరింది. దాదాపు 400 తోటలు భద్రమయ్యాయి, కొన్ని ఇళ్ళ కోసం పోయాయి.

తోటలవైపు మనిషినే అయినా ఇక్కడ ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఇళ్ళు కావాలన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. అద్దెలు భరించలేక ఆ పేటల్లోంచి వెళ్ళిపోయిన కుటుంబాలు నిజం. టమాటా మడి ముఖ్యమా, తల మీద కప్పు ముఖ్యమా అని నిలదీస్తే తోటవాళ్ళ దగ్గర సులువైన జవాబు లేదు. నగరం ఈ రెండిటికీ పోటీ పెట్టి, ఒకే వీధిలోని పేదలను రెండు ముక్కలు చేసింది. నేను చూసిన తోట తగాదాల్లో అన్నిటికన్నా బాధ పెట్టేవి ఇవే.

లిజ్ క్రిస్టీ తోట ఈ ఉచ్చులోంచి తప్పించుకున్న తీరు అందుకే శ్రద్ధగా చూడాలి. ఆ మూల కూపర్ స్క్వేర్ పునర్నిర్మాణ ప్రాంతంలో ఉంది. 1959లో నగర నిర్మాణాల మీద పెత్తనం చేసిన అధికారి రాబర్ట్ మోజెస్ అక్కడి పాత ఇళ్ళన్నీ కూల్చి కొత్తవి కట్టే ప్లాను తెచ్చినప్పుడు, ఇళ్ళ హక్కుల ఉద్యమకారిణి ఫ్రాన్సెస్ గోల్డిన్ లాంటివాళ్ళ పూనికతో అద్దెదారులు కూపర్ స్క్వేర్ కమిటీగా ఏర్పడ్డారు. ఇక్కడున్నవాళ్ళు ఇక్కడే ఉండేలా ఇళ్ళు కట్టాలంటూ 1961లో సొంత ప్లాను గీసి నగరం ముందు పెట్టారు. దశాబ్దాలు కొట్లాడారు. అంటే అచ్చంగా ఇళ్ళ కోసం పుట్టిన సంఘం. 1990లో తమ ప్రాంతపు ప్లాను ఒక కొలిక్కి వస్తున్న వేళ, తోటను ఒక్క అంగుళం తగ్గకుండా ఉంచుతామని ఆ కమిటీయే మాట ఇచ్చింది.

తోటవాళ్ళు తోట కావాలంటే అది కోరిక. ఇళ్ళ కోసం పోరాడేవాళ్ళు తోట ఉండాలంటే, ఇక నగరం దగ్గర ‘పేదల ఇళ్ళకు అడ్డం పడుతున్నారు’ అనే మాట చెల్లదు. నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఇక్కడ తిరిగింది. అందుకే ఏ బృందం వచ్చినా, మీ పేటలో అద్దెదారుల సంఘం ఉందా, వాళ్ళ మీటింగుకు మీరు ఎప్పుడైనా పోయారా అని అడుగుతాను. ఎక్కువమంది పోయి ఉండరు. కూరగాయలు పంచడానికి పోతారు గానీ వాళ్ళ అద్దెల గోడు వినడానికి పోరు. ముందు ఆ గోడు వినాలి.

2000ల మధ్యలో తోట పక్కనే పెద్ద అపార్టుమెంట్లు లేచాయి. కట్టినన్నాళ్ళూ తోట కొంతకాలం మూతపడింది, తర్వాత మళ్ళీ తెరుచుకుంది. ఇప్పుడు అది నగర పార్కుల శాఖ కింద, గ్రీన్‌థంబ్ తోటల్లో ఒకటిగా ఉంది.

గేటు, తాళం, నీళ్ళు

లోపలికి పోతే ముందు కంటపడేది డాన్ రెడ్‌వుడ్ చెట్టు. 1940లలో చైనాలో బతికున్న చెట్లు దొరికేదాకా శాస్త్రవేత్తలకు శిలాజాల్లోనే తెలిసిన జాతి. సూదుల్లాంటి ఆకులుండే చెట్టే అయినా ఏటా ఆకులు రాలుస్తుంది, అదొక వింత. చిన్న చెరువు, అందులో చేపలు, ఎండ కాచుకునే తాబేళ్ళు. ద్రాక్ష పందిరి, బర్చ్ చెట్లు, పండ్ల చెట్లు, కూరగాయల మడులు. స్థలం సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి నాలుగడుగులు వేస్తే హౌస్టన్ రోడ్డు మీది లారీల మోత తగ్గుతుంది.

ఇంత పనీ జీతం లేని జనమే చేస్తారు. ఇలాంటి తోటల్లో బయటివాళ్ళకు తెలియని పెద్ద పని నీళ్ళు. నగర తోటలు చాలావాటికి నీళ్ళు వచ్చేది వీధిలోని ఫైర్ హైడ్రంట్ నుంచి, అంటే మంటలార్పడానికి పెట్టిన నీటి గొట్టం నుంచి. నీటి శాఖ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. రెంచితో తిప్పి, అడాప్టర్ బిగించి, ఫుట్‌పాత్ మీదుగా పైపు లాగాలి. దారినపోయేవాళ్ళు తట్టుకుని పడకుండా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అయిపోయాక గట్టిగా మూయాలి, లేకపోతే అగ్నిమాపక దళానికి ప్రెషర్ తగ్గుతుంది. జులై ఎండల్లో ఎవరి వంతో బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ బోర్డు దగ్గర వచ్చే గొడవలు మట్టి దగ్గర రావు.

ఇంకో గొడవ గేటు దగ్గర. గ్రీన్‌థంబ్ నియమం ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి కనీసం 20 గంటలు తోట అందరికీ తెరిచి ఉండాలి. కష్టపడి పెంచినవాళ్ళకు ఇది మింగుడుపడదు, ఎవరో వచ్చి పండ్లు కోసుకుపోతారని. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నేను తెరవమనే చెబుతాను. తాళం వేసి ఉన్న తోట కోసం 1999లో ఎవరూ రోడ్డెక్కి ఉండేవారు కాదు. గేటు దగ్గర ఒక మనిషి కూర్చుని, ఇది ఏ మొక్క అని అడిగిన పిల్లకు పుదీనా ఆకు నలిపి వాసన చూపిస్తే, ఆ పిల్ల తల్లి రేపు మీటింగులో మీ పక్కన కూర్చుంటుంది.

బోవరీ మూలనుంచి కొన్ని వీధుల అవతల ఎలిజబెత్ స్ట్రీట్ గార్డెన్ ఉంది. 1990లలో నెలవారీ లీజు మీద మొదలైన శిల్పాల తోట. అక్కడ వృద్ధులకు 123 ఇళ్ళు కట్టాలని నగరం ఏళ్ళ తరబడి పట్టుబట్టింది, కోర్టుల్లోనూ గెలుస్తూ వచ్చింది. 2025 జూన్‌లో ఆ ప్లానును వదులుకుని, ఆ పేటలోనే వేరే మూడు చోట్ల 600కు పైగా ఇళ్ళు కట్టించేలా స్థానిక కౌన్సిల్ సభ్యుడితో ఒప్పందం చేసుకుంది. తోటవాళ్ళు సంబరాలు చేసుకున్నారు. నన్ను సలహా అడిగితే ఒక్కటే చెబుతాను: ఆ మూడు చోట్ల పునాదులు పడేదాకా ప్రతి విచారణకూ వెళ్ళి ఇళ్ళ తరఫున ముందు వరుసలో కూర్చోండి.